జూనియర్ యూరోవిజన్‌కి దేశం తరఫున పాడే పిల్లల్ని ఎలా ఎంచుకుంటారు? డబ్లిన్‌లో ఉన్న మా పాపకి వీలుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డబ్లిన్‌లో ఉంటున్న ఒక తల్లి అడిగారు. పాపకి పదేళ్లు. నాలుగేళ్లుగా ఆన్‌లైన్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. టీవీలో జూనియర్ యూరోవిజన్ (యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పిల్లల పాటల పోటీ) చూసి "నేనూ ఐర్లాండ్ తరఫున పాడతా" అని పట్టుబట్టిందట. అసలు ఆ పిల్లల్ని ఎవరు ఎంచుకుంటారు, ఎలా ఎంచుకుంటారు, మనవాళ్ల పిల్లల్ని రానిస్తారా, ఇప్పుడు కర్ణాటకం మాన్పించి వెస్టర్న్ క్లాసులో చేర్చాలా అని అడుగుతున్నారు. పాప పాడిన ఆడియో కూడా పెట్టారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఎంచుకునేది దేశం కాదు, ఆ దేశంలో ఒక టీవీ ఛానెల్. ఎలా ఎంచుకోవాలో దాని ఇష్టం. అన్ని దేశాలకీ కలిపి ఒకే పద్ధతి అంటూ లేదు. ఆ ఛానెల్‌కి కావలసింది దేశంలో అందరికన్నా బాగా పాడే పిల్ల అనుకుంటాం. అది సగమే నిజం. నవంబరులోనో డిసెంబరులోనో ఒక రాత్రి, మూడు నిమిషాల్లోపు పాటని, వాళ్ల భాషలో, లైవ్‌లో, కెమెరాలోకి చూస్తూ తడబడకుండా పాడే పిల్ల కావాలి. మీ పాపకి వీలుందా అంటే ఉంది. కర్ణాటకం మాన్పించాలా అంటే వద్దు. కానీ ఐరిష్ భాష మీద ఇప్పటినుంచే పని మొదలుపెట్టాలి. అందరూ తేలిగ్గా తీసుకునేది అదే.

నా సంగతి రెండు ముక్కల్లో. విజయవాడలో గాత్రం నేర్చుకున్నాను, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. పదమూడేళ్లుగా డబ్లిన్‌లో మన పిల్లలకీ, కొందరు ఐరిష్ పిల్లలకీ పాట చెబుతున్నాను. నా దగ్గర నేర్చుకున్న ముగ్గురు ఈ ఎంపికకి దరఖాస్తు చేశారు. ఒక్కరూ గెలవలేదు. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఈ పోటీ 2003 నవంబరులో కోపెన్‌హాగెన్‌లో మొదలైంది. అంతకుముందు డెన్మార్క్ టీవీ వాళ్లు తమ దేశంలో పిల్లల పాటల పోటీ పెట్టేవారు. 2002లో నార్వే, స్వీడన్ కూడా వాళ్లతో కలిశాయి. అది బాగా నడవడం చూసి యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఖండమంతటికీ తెరిచింది. తొలి ఏడు 16 దేశాలు వచ్చాయి, క్రొయేషియా కుర్రాడు గెలిచాడు. 2018లో మిన్స్క్‌లో జరిగినప్పుడు 20 దేశాలు పాడాయి. ఆస్ట్రేలియా, కజకిస్థాన్ కూడా వచ్చాయి. భారత్ ఇందులో లేదు, అందుకని హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ "మా బాబు ఎలా అప్లై చేయాలి" అని అడిగేవాళ్లకి నా దగ్గర దారి లేదు.

యూనియన్ పెట్టే నిబంధనలు కొన్నే. పోటీ రోజుకి వయసు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఉండాలి. (మొదట్లో 8 నుంచి 15 దాకా ఉండేది.) పాట కొత్తది కావాలి, మూడు నిమిషాలు దాటకూడదు, ఎక్కువ భాగం ఆ దేశ భాషలో ఉండాలి, గొంతు లైవ్‌లో వినిపించాలి. మొదట్లో పిల్లలే పాట రాసుకోవాలని పట్టుదలగా ఉండేవారు, తర్వాత పెద్దలు చెయ్యి వేయడానికి ఒప్పుకున్నారు. ఇక పౌరసత్వం. ఆ దేశపు పౌరులై ఉండాలి, లేదా కనీసం రెండేళ్లుగా అక్కడ నివసిస్తూ ఉండాలి అన్నది మొదటినుంచీ ఉన్న మాట. మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో ఆ ఒక్క వాక్యం వెతికి చదువుకోండి. వయసు లెక్క కూడా అప్పుడే వేసుకోండి, దరఖాస్తు రోజుకి కాదు, పోటీ రోజుకి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇక్కడే పొరబడింది. బాబుకి అక్టోబరులో పదిహేను నిండుతాయి, పోటీ నవంబరు చివర్లో. వేసవంతా సాధన చేయించాక ఆ సంగతి గమనించారు.

ఈ నిబంధనలు దాటాక అంతా ఛానెల్ చేతిలోనే.

కొన్ని దేశాలు లోపల్లోపల కూర్చుని ఎంచుకుంటాయి. మనకి ఫలితం మాత్రమే తెలుస్తుంది. ఫ్రాన్స్ ఇలాగే చేస్తోంది. ఆ పద్ధతిలోనే 2020, 2022, 2023లో గెలిచింది. 2020లో గెలిచిన వాలెంటీనా అప్పటికే దేశమంతా తెలిసిన పిల్లల బృందంలో పాడుతోంది. బీబీసీ 2022లో ఈ పోటీలోకి దిగినప్పుడూ బయట పోటీ పెట్టలేదు. స్పెయిన్ 2019లో తిరిగొచ్చినప్పుడు పంపిన మెలానీ గార్సియా అంతకుముందే అక్కడి వాయిస్ కిడ్స్ (టీవీలో వచ్చే పిల్లల పాటల పోటీ) గెలిచిన పిల్ల, మూడో స్థానం తెచ్చింది. పోలండ్ 2018లో పంపిన రొక్సానా వెంగెల్ కూడా ఆ ఏడాదే వాళ్ల వాయిస్ కిడ్స్ గెలిచింది. వెళ్లి జూనియర్ యూరోవిజన్‌నీ గెలుచుకొచ్చింది. ఇలా చేయడానికి ఒకటే కారణం అనుకుంటాను. టీవీ దీపాల కింద ఏడవకుండా నిలబడగల పిల్ల అని ముందే రుజువైపోయి ఉంటుంది. కొత్త పిల్లని తెచ్చి పరీక్షించే ఖర్చు, భయం రెండూ తప్పుతాయి. కాబట్టి అలాంటి దేశంలో ఉంటే "జూనియర్ యూరోవిజన్‌కి ఎలా అప్లై చేయాలి" అన్న ప్రశ్నకి అర్థం లేదు. అంతకుముందు రెండేళ్లలో పిల్ల ఎక్కడ పాడింది, ఎవరి కళ్ల పడింది అన్నదే లెక్క.

కొన్ని దేశాలు బహిరంగంగా పోటీ పెడతాయి. మాల్టా 2015లో దేశీయ ఫైనల్ పెట్టింది. అందులో గెలిచిన డెస్టినీ చుకున్యెరె అసలు పోటీలోనూ 185 పాయింట్లతో గెలిచింది. పోలండ్ 2019 నుంచి ఒక పాత టీవీ షోని దీనికోసం వాడుకుంది. పిల్లలు ముందు పేరున్న పాటలు పాడతారు, ప్రతి ఎపిసోడ్ నుంచి ఒకరు ముందుకు వెళతారు, ఫైనల్లో సొంత కొత్త పాట పాడతారు. 2019లో విక్కీ గబోర్ అలా వచ్చి, సొంతగడ్డ మీద గ్లివిట్సెలో గెలిచింది. తొలి ఏడాది 2003లో అందరికన్నా చివర నిలిచిన దేశం పోలండ్. ఆ దేశం వరసగా రెండేళ్లు గెలిచింది. అంతకుముందు ఎవరూ అలా గెలవలేదు. నెదర్లాండ్స్ పద్ధతి నాకు ఇష్టం. ఆడిషన్లలో మిగిలిన పిల్లల్ని కొన్నాళ్లు కలిపి ఉంచి తర్ఫీదు ఇస్తారు, తర్వాత ఫైనల్. అక్కడ పెద్దల జ్యూరీతో పాటు పిల్లల జ్యూరీ కూడా ఉంటుంది. 2003 నుంచి 2024 దాకా ఒక్క ఏడు కూడా మానకుండా పాడిన దేశం అదొక్కటే.

ఇక మీకు కావలసిన ఐర్లాండ్.

ఇక్కడ పెద్ద ఛానెల్ ఆర్‌టీఈ ఈ పిల్లల పోటీ జోలికి పోలేదు. 2015లో ఐర్లాండ్‌ని తీసుకొచ్చింది టీజీ4. ఐర్లాండ్ పడమటి తీరంలో కానెమారాలో ఉన్న ఐరిష్ భాషా ఛానెల్ అది. 1996లో మొదలైంది, అంటే మన ఈటీవీలో బాలుగారి 'పాడుతా తీయగా' మొదలైన ఏడే. దానికి పాటల పోటీ ముఖ్యం కాదు. తమ భాష పిల్లల నోళ్లలో ఆడాలి, పిల్లలకి అది బడి పుస్తకంలోని శిక్షలా కాక సరదాగా అనిపించాలి. అందుకోసం ఈ పోటీ. వేల్స్‌లో ఎస్4సీ ఛానెల్ కూడా 2018, 2019లో వెల్ష్ భాష కోసం ఇలాగే చేసింది. మొదటి ఏడు చివరి స్థానం వచ్చినా రెండో ఏడు మళ్లీ వెళ్లారు. ఈ సంగతి పట్టుకుంటే ఎంపికలో చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. ఐరిష్‌లో కళ్లు మెరుస్తూ పాడే పిల్ల, ఐరిష్‌ని అప్పజెప్పినట్టు పాడే పిల్ల పక్కపక్కన నిలబడితే, రెండో పిల్ల గొంతు ఎంత గొప్పదైనా మొదటి పిల్లకే మొగ్గు. అది అన్యాయం అని నాకు అనిపించలేదు. పోటీ పెట్టిందే అందుకు.

టీజీ4 షోలో కొన్ని హీట్లు (తొలి రౌండ్లు), తర్వాత ఫైనల్ ఉంటాయి. న్యాయనిర్ణేతల మాటే ప్రధానం. ఇటీవలి ఏళ్లలో పేరున్న పాప్ పాటల ఐరిష్ రూపాలు పాడిస్తున్నారు. గెలిచిన పిల్ల కోసం కొత్త పాట తర్వాత తయారవుతుంది. అంటే మీరు పాట కొనుక్కోనక్కర్లేదు, స్టూడియోలో రికార్డు చేయించనక్కర్లేదు. ("మా దగ్గర పాట చేయించుకుంటే సెలెక్షన్ ఖాయం" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.) 2022లో యెరెవాన్‌లో వచ్చిన నాలుగో స్థానం ఐర్లాండ్‌కి చెప్పుకోదగ్గ ఫలితం. 2020లో ఐర్లాండ్ అసలు పాల్గొనలేదు. కాబట్టి ప్రతి ఏడూ ఉంటుందన్న నమ్మకం మీద పిల్లకి మాట ఇవ్వకండి. ప్రకటన వచ్చాకే ఇవ్వండి.

భాష గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన పిల్లలు నెగ్గినా ఓడినా ఇక్కడే.

ఇక్కడి ప్రాథమిక బడిలో మొదటి తరగతికన్నా ముందునుంచే ఐరిష్ చెబుతారు. మీ పాప ఇక్కడి బడిలోనే చదువుతుంటే నాలుగైదేళ్లుగా వింటూనే ఉంటుంది. మన తల్లిదండ్రులు చాలామంది ఆ సబ్జెక్టుని పట్టించుకోరు. "ఎందుకు పనికొస్తుంది?" అంటారు. నేనూ మొదట్లో అలాగే అన్నాను. ఇప్పుడు అనను.

ఐరిష్‌లో రాసినట్టు పలకరు. ఇంగ్లీషు అక్షరాలే కదా అని చూసి చదివితే ప్రతి మాటా తప్పే. అందుకే నేను పాటని కాగితం మీద ఇవ్వను, చెవితో నేర్పిస్తాను. మనం కీర్తన నేర్చుకున్నట్టే, గురువు పాడితే విని పాడటం. తర్వాత పిల్ల తనకి వినిపించినట్టు తెలుగులో రాసుకుంటుంది. తెలుగు రాని పిల్లలైతే వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. మన లిపి దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎందుకంటే ఐరిష్‌లో హ్రస్వదీర్ఘాలు ప్రాణం. అచ్చు మీద ఏటవాలుగా ఒక గీత పెడతారు, దాన్ని 'ఫాదా' అంటారు, మాటకి అర్థమే 'పొడుగు'. మన దీర్ఘమే. ఆ గీత లేకుండా 'ఫ్యర్' అంటే మనిషి, గీత ఉంటే 'ఫేర్', అంటే గడ్డి. దీర్ఘం మింగేస్తే మనిషి కాస్తా గడ్డి అయిపోతాడు. తెలుగు పిల్లకి ఈ తేడా చెవిలోనే ఉంటుంది, ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన పిల్లకి ఉండదు. ఇది మనకి నిజమైన లాభం.

గొంతు వెనక నుంచి వచ్చే రాపిడి 'ఖ' ఒకటి ఉంది. కోస్తా పిల్లలు దాన్ని 'క' చేసేస్తారు. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగిన తల్లిదండ్రులుంటే ఇంట్లోనే నేర్పేయొచ్చు, అదే శబ్దం. నా దగ్గర ఒక పాపకి వాళ్ల నాన్నే 'ఖైర్', 'ఖుదా' అనిపిస్తూ వారంలో దారికి తెచ్చారు. తర్వాత నాలుక వెనక భాగం ఎత్తి పలికే హల్లులు, నాలుక ముందు భాగం అంగిలి వైపు ఎత్తి పలికే హల్లులు అని రెండు రకాలు ఉన్నాయి, అవి మాత్రం బడి టీచరు దగ్గరే కూర్చోవాలి. నా వల్ల కాలేదు. మీ పాప బడిలో ఐరిష్ ఇష్టంగా మాట్లాడే టీచరు ఒకరు తప్పకుండా ఉంటారు. వెళ్లి అడగండి. భారతీయ పిల్ల ఐరిష్‌లో పాడతానంటే వాళ్లకి కలిగే సంతోషం చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు నా మొదటి కేసు. పదకొండేళ్ల పాప, ఆరేళ్ల కర్ణాటకం, ఐదున్నర శ్రుతిలో తీగలా సాగే గొంతు. ఆడిషన్‌కి వీడియో పంపాము. ఏ పిలుపూ రాలేదు. ఆ వీడియో మళ్లీ చూస్తే నాకే నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. పాప బాసింపట్టు వేసుకుని కూర్చుంది, కళ్లు మూసుకుంది, కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. పాప్ పాటకి ఆదితాళం! గొంతులో ఒక్క అపస్వరం లేదు. కానీ ప్రతి పొడుగు స్వరం చివరా ఒక గమకం, అంటే స్వరాన్ని ఊపడం. రెండు చరణాలూ ఒకే ఎత్తులో. పాట ఎవరికోసం పాడుతోందో తెలియదు. మనకి అది భక్తి, వాళ్ల కెమెరాకి అది తలుపు మూసుకున్న ఇల్లు.

మరుసటి ఏడు మూడే మూడు మార్చాము. నిలబెట్టాము. తాళం చేతినుంచి కాలి బొటనవేలికి దింపాము, బూటులో ఎవరికీ కనిపించదు. కెమెరా వెనక వాళ్ల తమ్ముణ్ణి నిలబెట్టి "వాడికి చెప్పు ఈ పాట" అన్నాను. గమకాల సంగతి పట్టించుకోలేదు, ఎదుటివాడికి చెబుతూంటే అవే సగం రాలిపోయాయి. ఆ ఏడు పిలిచారు, స్టూడియోలో పాడింది, ముందుకి వెళ్లలేదు. కానీ తేడా చూడండి. గొంతు అదే, సంగీతం అదే.

అందుకే కర్ణాటకం మాన్పించొద్దు అంటున్నాను. శ్రుతి నిలకడ, ఊపిరి, విని పట్టుకునే చెవి ఇవన్నీ అక్కడినుంచే వచ్చాయి. ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే చిన్న స్పీకరు) పెట్టుకుని, చుట్టూ డ్యాన్సర్లు తిరుగుతూంటే శ్రుతి జారకుండా పాడటం మామూలు విషయం కాదు, వచ్చే పిల్లల్లో చాలామంది అక్కడే జారతారు. అదనంగా కావలసింది మైకు అలవాటు. మనవాళ్ల కచేరీ పద్ధతిలో మైకు స్టాండు మీద ఉంటుంది, మనం దాని ముందు కూర్చుంటాం. ఇక్కడ మైకు చేతిలో ఉంటుంది, పల్లవిలో గొంతు పెరిగినప్పుడు దూరం జరపాలి, మెల్లగా పాడినప్పుడు దగ్గరికి తేవాలి. ఇంట్లో టీవీ రిమోటు పట్టుకుని సాధన చేయొచ్చు, మా ఇంట్లో అదే చేస్తాం. ఇంకోటి ట్రాకుతో (ముందే రికార్డు చేసిన వాద్యాలతో) పాడటం. తంబూరా మనకోసం ఆగుతుంది, మృదంగం వాయించే ఆయన మన తప్పుని కప్పేస్తాడు. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. నెలకి నాలుగు పాటలు ట్రాకుతో పాడిస్తే మూడు నెలల్లో ఆ భయం పోతుంది.

మగపిల్లలు ఉన్న తల్లిదండ్రులు ఈ పేరా వదలకండి. నా రెండో కేసు పదమూడేళ్ల బాబు. మే నెలలో ఆడిషన్ వీడియో తీసినప్పుడు పైస్థాయి హాయిగా అందుకున్నాడు. సెప్టెంబరుకల్లా గొంతు మారడం మొదలైంది. నిన్న పలికిన స్వరం ఇవాళ పలకదు, మాట మధ్యలో గొంతు జారుతుంది, వాడికేమో ఏడుపు. అసలు పోటీలు నవంబరు, డిసెంబరుల్లో జరుగుతాయి. 2021లో పారిస్‌లో డిసెంబరు 19న జరిగింది, 2024లో మాడ్రిడ్‌లో నవంబరు 16న. అంటే ఎంపికకీ పోటీకీ మధ్య కొన్ని నెలలు. పెద్దవాళ్లకి అది లెక్కలోకి రాదు, పదమూడేళ్ల కుర్రాడి గొంతుకి ఒక యుగం. ఎంచుకునేవాళ్లకీ ఈ సంగతి తెలుసు, పన్నెండు దాటిన మగపిల్లల విషయంలో వెనకాడితే తప్పుపట్టలేం. గొంతు మారే సమయంలో స్కేలు దించి, మధ్యస్థాయిలోనే పాడించండి. "నిన్న పాడావు కదా, ఇవాళ ఎందుకు రాదు" అని గదమాయించి పైకి లాగితే గొంతు బొంగురుపోతుంది, తర్వాత బాగుచేయడం కష్టం. ఆ బాబు ఇప్పుడు కాలేజీలో ఒకటిన్నర శ్రుతిలో చక్కగా పాడుతున్నాడు. పోటీ పోయింది, గొంతు మిగిలింది.

మనవాళ్లని రానిస్తారా అన్నారు. నేను చూసినంతలో తల్లిదండ్రులు ఎక్కడినుంచి వచ్చారన్నది అడ్డు కాలేదు. పైన చెప్పిన డెస్టినీ తండ్రి నైజీరియా నుంచి మాల్టాకి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. పోలండ్‌కి గెలిచిన విక్కీ గబోర్ రోమా అనే మైనారిటీ జాతి కుటుంబంలో పుట్టిన పిల్ల, జర్మనీలో పుట్టింది, కొన్నాళ్లు ఇంగ్లండులో పెరిగింది. ఇద్దరూ ఆయా దేశాల పిల్లల్లాగే నిలబడ్డారు. మన పిల్లలకి అడ్డం వచ్చేది రంగుకన్నా మన ఇళ్లలో ఉండే మరో అలవాటు. శనివారం సంగీతం, ఆదివారం మ్యాథ్స్, తెలుగు సంఘం కార్యక్రమాల్లో పాట. పిల్ల పాడేది ఎప్పుడూ మనవాళ్ల ముందే. బడి కచేరీలో, ఊరి పండగలో, ఐరిష్ పాటల పోటీల్లో పాడదు. మొదటిసారి బయటివాళ్ల ముందు పాడటం నేరుగా టీవీ ఆడిషన్‌లోనా? భయపడక ఏం చేస్తుంది?

ఓట్ల గురించి ఒక మాట, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపులు వెంటనే "లింక్ పంపండి, అందరం ఓటేద్దాం" అంటాయి. అసలు పోటీలో 2017 నుంచి ఆన్‌లైన్ ఓటు ఉంది, సొంత దేశానికీ వేసుకోవచ్చు, సగం బరువు దానిది, సగం జ్యూరీలది. కానీ ఎంపిక దశలో ప్రజల ఓటు ఒక్కదాని మీదే వదిలేస్తే ఏమవుతుందో 2019లో రష్యాలో అందరూ చూశారు. అది జూనియర్ యూరోవిజన్ ఎంపిక కాదు, అక్కడి వాయిస్ కిడ్స్ ఫైనల్. ఒక పాపకి సగానికి పైగా ఓట్లు వచ్చాయి. జనం గోల చేస్తే దర్యాప్తు చేయించారు. సుమారు 300 ఫోన్ నంబర్ల నుంచి 8,000కి పైగా ఎస్ఎమ్ఎస్‌లు వచ్చినట్టు తేలింది. ఛానెల్ ఫలితాన్ని రద్దు చేసింది, తర్వాత ఫైనల్‌కి వచ్చిన పిల్లలందరినీ విజేతలుగా ప్రకటించింది. పాపం ఆ పిల్లకి పదేళ్లు. దేశమంతా తిట్టింది ఆ పిల్లనే. పెద్దలు చేసిన పనికి పిల్లలు తిట్లు తిన్నారు. ఇక్కడ కూడా ఒక సంఘం వాళ్ల పోటీలో లైకుల లెక్కన బహుమతి ఇస్తే, లైకులు కొన్న సంగతి బయటపడి, రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు. అందుకే జడ్జిలే తేల్చే పోటీ అంటే నాకు నమ్మకం ఎక్కువ. వాళ్లూ పొరబడతారు, కానీ ఎదురుగా కూర్చుని పొరబడతారు.

ఒత్తిడి విషయం దాచను. డెన్మార్క్ ఈ పోటీకి పుట్టిల్లు. అదే డెన్మార్క్, నార్వే 2005 తర్వాత తప్పుకున్నాయి. పిల్లలతో వ్యవహరించే తీరు తమ విలువలకి సరిపడదని వాళ్ల అభ్యంతరం. వెనక్కి వెళ్లి తమ నార్డిక్ (ఉత్తర యూరప్ దేశాల) పోటీ పెట్టుకున్నారు. నార్వేలో ఇప్పటికీ దేశీయ పోటీ ఉంది, పిల్లలు తమ పాట తామే రాసుకోవాలి. 2012లో అది గెలిచిన కవలలు మార్కస్, మార్టినుస్ పెద్దయ్యాక 2024లో స్వీడన్ తరఫున పెద్దల యూరోవిజన్‌లో పాడారు. స్పెయిన్ 2004లో గెలిచి కూడా 2006 తర్వాత తప్పుకుంది, మళ్లీ 2019 దాకా రాలేదు. ఛానెళ్లే ఇన్నిసార్లు ఆలోచించుకున్నాయంటే మనం ఒకసారి ఆలోచించుకోవడంలో తప్పు లేదు.

నా మూడో కేసు అదే. పన్నెండేళ్ల పాప, చక్కగా పాడింది, ఎంపిక కాలేదు. పాప పదిహేను నిమిషాల్లో మామూలైంది, చిప్స్ కావాలంది. వాళ్లమ్మ మాత్రం కారులో గంటన్నర ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం పాపకి ఫలితం కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆర్నెల్లు నా క్లాసుకి రాలేదు. వెళ్లేముందే ఇంట్లో మాట్లాడుకోండి, ముఖ్యంగా ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలకి ఫలితం వచ్చేదాకా చెప్పకండి. "ఏమైంది, సెలెక్ట్ అయ్యావా?" అని రోజూ వచ్చే వీడియో కాల్ కన్నా పెద్ద టెన్షన్ లేదు.

మీ పాపకి పదేళ్లంటున్నారు కాబట్టి మీకు తొందర లేదు, ఇంకా మూడు నాలుగు ఎంపికలు చేతిలో ఉన్నాయి. ఈ ఏడాది దరఖాస్తు మానేసి షో చూడమని నా సలహా. ప్రతి హీటూ పాపతో కూర్చుని చూడండి, ఎవరు ముందుకి వెళ్తారో పాపనే ఊహించమనండి. మొదట గొంతు చూసి చెబుతుంది, నాలుగో ఎపిసోడ్‌కి మొహం చూసి చెప్పడం మొదలెడుతుంది. అప్పుడు నేర్చుకున్నట్టు. బడిలో ఐరిష్ పాట ఒకటి అసెంబ్లీలో పాడనివ్వమని టీచర్ని అడగండి. కర్ణాటకం క్లాసు అలాగే ఉంచి, వారానికి ఒక అరగంట ట్రాకుతో, నిలబడి, చేతిలో మైకుతో. వెస్టర్న్ క్లాసు కావాలంటే వచ్చే ఏడు చూద్దాం, ఇప్పుడు రెండు గొంతులు ఒకేసారి నేర్పిస్తే రెండూ అయోమయమవుతాయి.

మీరు పెట్టిన ఆడియో విన్నాను. పాప శ్రుతి బాగుంది. ఐదున్నరలో పాడిస్తున్నట్టున్నారు, పై షడ్జం దగ్గర గొంతు కొంచెం బిగుసుకుంటోంది. ఐదుకి దించండి. మీ గురువుగారితో ఒకసారి మాట్లాడి చూడండి, ఆయన వద్దంటే ఆయన మాటే వినండి, రోజూ వినేది ఆయన కదా.